కమ్యూనిటీ ఫౌండేషన్ గ్రాంటు: ఉపాధ్యాయురాలైన అమ్మాయి తరఫున ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో మూడో తరగతికి బోధిస్తోంది. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. పిల్లలకు చదవడం నేర్పే పద్ధతులపై వేసవిలో ఒక శిక్షణ తీసుకోవాలని ఉంది గానీ, ఫీజు ఆమె జీతానికి భారం. కమ్యూనిటీ ఫౌండేషన్లు ఇందుకు గ్రాంట్లు ఇస్తాయని విన్నాం. చేయి చాచినట్టు అవుతుందేమోనని తను వెనకాడుతోంది. అడగవచ్చా? ఎలా అడగాలి? దీనివల్ల ఉద్యోగానికి మేలు ఉంటుందా?

జవాబు: నిస్సంకోచంగా అడగవచ్చు. కమ్యూనిటీ ఫౌండేషన్ ఏ ఒక్క ధనవంతుడి ధర్మనిధీ కాదు. ఒక ప్రాంతంలోని అనేకమంది దాతలు ఇచ్చిన సొమ్మును మూలధనంగా ఉంచి, దానిపై వచ్చే ఆదాయాన్ని ఆ ప్రాంతపు అవసరాలకు ఖర్చు చేసే సంస్థ అది. 1914లో క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు ఇటువంటి మొదటి సంస్థను నెలకొల్పారు. ఎప్పుడో మరణించిన దాత వీలునామాలో రాసిన షరతుకు కాలం చెల్లినా, ఆ సొమ్ము ఇంకెవరికీ అక్కరకు రాకుండా పడి ఉండటం ఆయనను కలవరపెట్టిన సమస్య. నేటి అవసరమేమిటో స్థానికులే తేల్చుకోవాలని పుట్టిన సంస్థ ముందు నేటి తరగతి గది అవసరాన్ని ఉంచడం చేయి చాచడం ఎలా అవుతుంది? ఆ అవసరం తెలిపేవారు లేకపోతే, ఆ సంస్థ తన పని తాను చేయలేదు.

అయితే డబ్బు చాలా సందర్భాలలో నేరుగా ఉపాధ్యాయుల చేతికి రాదని ముందే గ్రహించాలి. ఈ ఫౌండేషన్లు ఎక్కువగా 501(సి)(3) గుర్తింపు (పన్ను మినహాయింపు పొందిన సేవాసంస్థలకు ఇచ్చేది) గల సంస్థలకూ, ప్రభుత్వ పాఠశాలలకూ గ్రాంట్లు ఇస్తాయి. పైగా, దాత సలహా మేరకు నడిచే నిధుల (డోనర్ అడ్వైజ్డ్ ఫండ్స్) నుండి వ్యక్తులకు డబ్బు ఇవ్వకూడదని 2006 నాటి పింఛను రక్షణ చట్టం నిర్దేశించింది. అందువల్ల దరఖాస్తు పాఠశాల పేరుతోనో, ఆ ప్రాంతపు పాఠశాలలను నడిపే స్కూల్ జిల్లా పేరుతోనో వెళ్లవలసి రావచ్చు. మీ అమ్మాయి మొదట మాట్లాడవలసింది ప్రిన్సిపాల్‌తోనే. ఆ సంభాషణలోనే మరో సంగతి అడగాలి: ఉపాధ్యాయుల శిక్షణకు ఫెడరల్ విద్యాచట్టంలోని టైటిల్ 2, పార్ట్ ఎ అనే భాగం కింద వచ్చే నిధులలో ఈ ఫీజుకు వీలుందా? ఉంటే గ్రాంటు అవసరమే రాకపోవచ్చు. లేకపోతే, ఆ దారి ప్రయత్నించి చూశామని దరఖాస్తులో రాయడం ఆమెకు బలమవుతుంది.

ఇక శిక్షణ ఎంపిక. నా దృష్టిలో గ్రాంటు సంపాదించడం కన్నా ముఖ్యమైన నిర్ణయం ఇదే. అమెరికా విద్యాశాఖ కోసం 2007లో చేసిన ఒక సమీక్షలో 1,300కు పైగా అధ్యయనాలను పరిశీలిస్తే, కఠినమైన ప్రమాణాలకు నిలిచినవి 9 మాత్రమే. వాటిలో ఉపాధ్యాయులు సగటున 49 గంటల శిక్షణ పొందారు. వారి విద్యార్థుల ఫలితాలు సగటున 21 పర్సెంటైల్ పాయింట్లు మెరుగయ్యాయి, అంటే వందలో 50 మంది కంటే ముందున్న విద్యార్థి 71 మంది కంటే ముందుకు వచ్చినంతగా. 14 గంటలో అంతకంటే తక్కువో సాగిన శిక్షణలలో మాత్రం చెప్పుకోదగిన ప్రభావం కనబడలేదు. 2015 నాటి ఫెడరల్ విద్యాచట్టం కూడా శిక్షణ నిరంతరంగా, తరగతి గదికి ముడిపడి సాగాలంటుంది. ఒక్కరోజు వర్క్‌షాపును సరిపోయిన శిక్షణగా లెక్కించదు. కాబట్టి వేసవి శిక్షణ తరువాత, విద్యా సంవత్సరంలో ఎవరైనా ఆమె పాఠాన్ని గమనించి సూచనలిచ్చే ఏర్పాటు ఉందో లేదో అడిగి తెలుసుకోండి. లేకపోతే, సహోద్యోగి ఒకరితో కలిసి ఆ ఏర్పాటు చేసుకుంటానని ఆమే ప్రతిపాదించవచ్చు.

దరఖాస్తు రాసేటప్పుడు చాలామంది తమ గురించి మొదలుపెడతారు: "నా బోధనా నైపుణ్యాలను మెరుగుపరుచుకోవాలని ఆశిస్తున్నాను." ఇది నిజమే గానీ, చదివేవారికి ఏ తరగతీ కళ్లకు కట్టదు. దాని బదులు ఇలా రాసి చూడమనండి: "నా తరగతిలోని పిల్లల్లో కొందరు అక్షరాలు గుర్తుపడతారు గానీ, కొత్త పదం ఎదురైతే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తారు. పదాన్ని ధ్వనులుగా విడదీసి చదివించే పద్ధతి నాకు పూర్తిగా రాదు. ఈ శిక్షణలో అదే నేర్పుతారు. సెప్టెంబరులోనూ మే నెలలోనూ ఒకే పరీక్ష పెట్టి, మార్పును మీకు నివేదిస్తాను." పిల్లల ఇబ్బంది, తనకు రానిది, శిక్షణలో ఉన్నది, ఫలితం కొలిచే తీరు, ఇవన్నీ ఆ నాలుగు మాటల్లోనే ఉన్నాయి. పిల్లల పేర్లు, వారిని గుర్తుపట్టే వివరాలు మాత్రం ఎక్కడా రాయకూడదు.

బడ్జెట్లో ఫీజు, ప్రయాణం, బస, పుస్తకాలు విడివిడిగా చూపాలి. శిక్షణలో కొంత భాగం పనిదినాలలో ఉంటే, ఆ రోజులకు వచ్చే ప్రత్యామ్నాయ ఉపాధ్యాయుల ఖర్చును కూడా చేర్చాలి. దీన్ని మరిచిపోయేవారే ఎక్కువ. అప్పటికే ఖర్చు చేసిన డబ్బును సాధారణంగా గ్రాంటు కింద తిరిగి ఇవ్వరు కనుక, మంజూరు ఉత్తరం రాకముందు ఫీజు కట్టవద్దు.

ఉద్యోగానికి మేలు గురించి అడిగారు. చాలా రాష్ట్రాలలో లైసెన్సు పునరుద్ధరణకు శిక్షణ గంటలు కావాలి. చాలా స్కూల్ జిల్లాలలో గ్రాడ్యుయేట్ క్రెడిట్లు (డిగ్రీ తరువాతి స్థాయి కోర్సులకు లెక్కకట్టే పాయింట్లు) పెరిగితే జీతం పై శ్రేణికి మారుతుంది. కానీ అన్ని శిక్షణలకూ క్రెడిట్లు రావు, వచ్చినవాటికీ కొన్ని జిల్లాలు ముందస్తు అనుమతి అడుగుతాయి. శిక్షణలో చేరకముందే ఆ అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకుని తరువాత జీతం పెరగక బాధపడిన ఉపాధ్యాయులు ఉన్నారు.

ఏ ఫౌండేషన్‌ను అడగాలో తేల్చుకోవడానికి ఆయా సంస్థలు ఏటా పన్నుల శాఖకు సమర్పించే ఫారం 990 ఉపయోగపడుతుంది. అది ఎవరైనా చూడగల పత్రం. అందులోని షెడ్యూల్ ఐ (I) అనే అనుబంధంలో 5,000 డాలర్లకు మించి గ్రాంటు పొందిన సంస్థల పేర్లు, మొత్తాలు ఉంటాయి. ఆ జాబితాలో పాఠశాలలు కనబడితే ఆ ఫౌండేషన్ కార్యాలయానికి ఫోన్ చేసి, ఉపాధ్యాయుల శిక్షణ ఏ నిధి కిందికి వస్తుందో, తదుపరి గడువు ఎప్పుడో అడగమనండి. దరఖాస్తులు కొన్నిచోట్ల ఏడాదికి ఒకసారే తీసుకుంటారు గనుక, వేసవి శిక్షణ కోసం ఈ ఫోను ముందటి శరదృతువులోనే చేయడం మంచిది.