అటకెక్కిన యాంప్లిఫయర్‌ను మళ్లీ పాడించాలంటే

ప్రశ్న: మా పెదనాన్నగారు 1970లలో అమెరికాలో కొన్న మరాంజ్ 2270 స్టీరియో రిసీవర్ (రేడియో కూడా ఉన్న యాంప్లిఫయర్) చాలా ఏళ్లుగా అటకమీదే ఉంది. వాల్యూమ్ తిప్పితే కరకరమనేదట, ఒక స్పీకరు ఆగి ఆగి పలికేదట. బాగుచేయించవచ్చా?

జవాబు: తప్పక చేయించండి, కానీ నేరుగా ప్లగ్గులో పెట్టకండి. అమెరికా సెట్లు సాధారణంగా 120 వోల్టులవి. వెనక పలకపై చూసి, అలాగే ఉంటే మన ఇళ్లలోని ఎక్కువ వోల్టేజిని 120కి తగ్గించే తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి. మొదటిసారి స్పీకర్లు కలపకుండా, సిరీస్ బోర్డులో (బల్బు గుండానే సెట్టుకు కరెంటు వెళ్లే బోర్డు) ఫిలమెంటు బల్బు పెట్టి ఆన్ చేయించండి. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే మంచిదే, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టే. తరువాత స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజి కొలవాలి. అది 50 మిల్లీవోల్టులు దాటితే స్పీకర్లు కలపవద్దు.

కరకర శబ్దానికీ, ఆగి ఆగి పలకడానికీ చాలాసార్లు కారణం కంట్రోళ్లలో, స్విచ్చుల్లో పేరుకున్న మురికే; కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్‌ను పలుమార్లు ఇటూ అటూ తిప్పితే పోతుంది. ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను (ఛార్జిని నిలవచేసే, ప్లస్-మైనస్ కొనలున్న భాగాలు) అదే మైక్రోఫారడ్ విలువతో, అంతే లేదా ఎక్కువ వోల్టేజివాటితో, ధ్రువాలు తారుమారు కాకుండా మార్చాలి. పవర్ తీసేసినా పెద్ద కెపాసిటర్లలో ఛార్జి నిలిచే ఉంటుంది కనుక ఈ పని అనుభవమున్న మెకానిక్‌కే అప్పగించండి. బాగున్న ట్రాన్సిస్టర్లను మాత్రం మార్చనివ్వకండి.