నా బరువు నేను లాగాలా?

పోయిన నెలలో ఒక తమ్ముడు ఫోను చేశాడు. ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి బోస్టన్ వచ్చిన మా ఊరి పిల్లవాడు. "అక్కా, ప్రాజెక్టులో మాతో ఉన్న అమ్మాయి నన్ను 'పుల్ యువర్ వెయిట్' అంది. నేను లావుగా ఉన్నాననా?" అని అడిగాడు. గొంతు చిన్నబోయింది.

ఆ మాటకు ఒంటితో సంబంధం లేదు నాయనా, నీ వంతు పని నువ్వు చేయమని అర్థం అన్నాను. ఆదివారం ఉదయం చార్లెస్ నది ఒడ్డుకు తీసుకువెళ్లి చూపించాను కూడా. అక్కడ ఏటా అక్టోబరులో పెద్ద పడవ పందేలు జరుగుతాయి. సన్నటి పొడుగాటి పడవలో ఎనిమిది మంది, ఒక్కొక్కరి చేతిలో ఒక్కటే తెడ్డు. అన్నీ ఒక్కసారే మునిగి ఒక్కసారే లేస్తాయి. వారిలో ఒకరు ఊరికే తెడ్డు ఆడిస్తూ కూర్చుంటే, అతని బరువును కూడా మిగతా ఏడుగురే లాగాలి. ఆ నుడికారం పుట్టింది ఈ పడవల నుంచే. మంచి పౌరుడికి ఉండవలసిన మొదటి లక్షణం ఇదేనని, ఉత్త ప్రయాణికుడిలా కూర్చోకూడదని 1902లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ న్యూయార్కులో అన్నాడు. కాడి కింద ఒక ఎద్దు వెనకబడితే రెండోదాని మెడ కందిపోవడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

తమ్ముడు బద్ధకస్తుడు కాడు. ప్రాజెక్టు గురించి జరిగిన రెండు సమావేశాల్లోనూ ఎవరైనా పని అప్పగిస్తారని మర్యాదగా ఎదురుచూశాడు. "నాకు ఎవరూ ఏమీ చెప్పలేదక్కా" అన్నాడు. కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. ఇక్కడ పని అడిగి తీసుకోవాలి. "ఈ పట్టికలు నేను చేస్తాను, గురువారానికి ఇస్తాను" అని నోరు విప్పకపోతే, మీ మొహమాటం వాళ్లకు పని ఎగ్గొట్టడంలాగే కనిపిస్తుంది. తమ్ముడు ఆ రాత్రే ఆమెకు అలా రాశాడు.

ఈ మాటను మీ గురించి మీరు ఎన్నిసార్లైనా వాడుకోండి, మెచ్చుకుంటారు. ఎదుటివారిని అంటే మాత్రం గట్టి మందలింపే, పై అధికారి దగ్గర అసలే వద్దు. 'త్రో యువర్ వెయిట్ అరౌండ్' అనే మాట కూడా వినిపిస్తుంది. దానికి పెత్తనం చెలాయించడం అని అర్థం. ఒకదానికి బదులు ఇంకొకటి వాడితే మాట పూర్తిగా తప్పుతుంది.

తమ్ముడు మొన్న మళ్లీ ఫోను చేశాడు. గదిలో నలుగురున్నారు, వారిలో ఒకడు పప్పు మాడిన కుక్కరును రెండు రోజులుగా సింకులోనే వదిలేశాడట. "ఆ మాట వాడితో అననా అక్కా?" అన్నాడు. వద్దన్నాను. ఫ్రిజ్ మీద కాగితం అంటించి నలుగురి పేర్లూ రాయి, మొదటి వంతు నీ పేరు మీదే వేసుకో అని చెప్పాను.