పాత ట్రాక్టరు డీజిల్ పంపు టైమింగ్: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పంపు సర్వీసు చేయించి మళ్ళీ బిగించినప్పటి నుంచి మీ పాత హెచ్.ఎం.టి. 2511 పొద్దున్నే తెల్లపొగ వదులుతోందనీ, దుక్కిలో లాగలేక వేడెక్కుతోందనీ రాశావు. పంపు టైమింగ్, అంటే పంపు సిలిండరులోకి డీజిల్ పంపే సమయం, వెనకబడితే ఈ లక్షణాలే కనిపిస్తాయి. ముందుకు జరిగితే ఇంజను గట్టిగా కొట్టుకుంటుంది. అయినా పంపు బోల్టుల జోలికి వెళ్ళేముందు ఫిల్టర్లు, సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు, వాల్వులను కదిలించే టాపెట్ల సందు సరిచూసుకో. నాజిల్ కారుతున్నా ఇలాంటి పొగే వస్తుంది కనుక, ఆ సంగతి తేల్చుకోకుండా టైమింగ్ మారిస్తే ఉన్న లోపానికి ఇంకొకటి తోడవుతుంది.

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. అలా అంటుకోవడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుందనుకుంటే, నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజనులో ఆపాటికే క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు) 9 డిగ్రీలు జరిగిపోతుంది. అందుకే పిస్టన్ పైకొసకు చేరకముందే డీజిల్ పడాలి. ఎన్ని డిగ్రీల ముందన్నది నీ బండి పుస్తకంలోనే చూడు, పక్కింటి బండి లెక్క దీనికి పనికిరాదు. పంపు షాఫ్టు క్రాంకు వేగంలో సగంతో తిరుగుతుంది కాబట్టి, పంపు దగ్గర 1 డిగ్రీ తేడా వస్తే క్రాంకు దగ్గర 2 డిగ్రీలవుతుందని గుర్తుంచుకో.

బండిని న్యూట్రల్‌లో పెట్టి, బ్యాటరీ తీగ విప్పి, పంపు చుట్టూ మట్టి లేకుండా శుభ్రంగా కడుగు. మొదటి సిలిండరు ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుని మూసుకున్న తరువాత పిస్టన్ పైకి వచ్చేదే కంప్రెషన్. క్రాంకు తిప్పి మొదటి సిలిండరును ఆ కంప్రెషన్ మొదట్లోకి తీసుకురా. ఇప్పుడు మొదటి సిలిండరుకు వెళ్ళే పైపు విప్పి, పంపు మీద ఆ పైపు మొదట్లో ఉండే డెలివరీ వాల్వును స్ప్రింగుతో సహా తీసి శుభ్రమైన డీజిల్లో వేసి, ఆ వాల్వు హోల్డరును తిరిగి బిగించి, దానికి వంచిన సన్నని గొట్టం తగిలించు. స్టాప్ లివర్ ఆపివేసే స్థానంలో ఉండకూడదు. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి ఉండాలి. డీజిల్ లైనుకున్న చేతిపంపు కొడితే గొట్టంలోంచి డీజిల్ ధారగా వస్తుంది.

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకు. క్రాంకును ఇంజను తిరిగే దిశలోనే మెల్లగా తిప్పుతూ ఉంటే ధార సన్నబడి చుక్కలవుతుంది, ఆ చుక్కలూ దాదాపు ఆగిపోతాయి. పంపులో డీజిల్‌ను నెట్టే చిన్న కడ్డీ, అంటే ప్లంజర్, డీజిల్ వచ్చే రంధ్రాన్ని మూసిన క్షణం అదే. అప్పుడు ఫ్లైవీల్ మీదో క్రాంకు కప్పీ మీదో ఉన్న ఇంజెక్షన్ గుర్తు సూచికకు ఎదురుగా రావాలి. గుర్తు దాటిపోతే అక్కడికక్కడే వెనక్కి సరిచేయవద్దు. గేర్ల పళ్ళ మధ్య ఉండే వదులు లెక్కను తప్పిస్తుంది కాబట్టి, పావు చుట్టు వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ ముందుకు రావాలి. శబ్దం విని టైమింగ్ పెట్టగలమనేవాళ్ళు చాలామంది ఉన్నారు కానీ, ఆ చుక్క చెప్పినంత కచ్చితంగా చెవి చెప్పదని నా గట్టి నమ్మకం.

తేడా ఉంటే, పాత స్థానం తెలిసేలా పంపు అంచు మీదా ఇంజను మీదా ఒకే గీత గీసి, బోల్టులు కాస్త వదులుచేసి పంపును తిప్పు. పంపు షాఫ్టు తిరిగే దిశకు ఎదురుగా తిప్పితే టైమింగ్ ముందుకు, అదే దిశలో తిప్పితే వెనక్కి జరుగుతుంది. బిగించాక మొత్తం మరోసారి సరిచూడు. పంపు మీద సీలు వేసిన స్క్రూను మాత్రం ముట్టుకోకు. డీజిల్ మోతాదుకు సంబంధించిన ఆ సర్దుబాటుకు టైమింగ్‌తో సంబంధం లేదు. ఈ పద్ధతి వరుస ప్లంజర్లున్న పంపుకే వర్తిస్తుంది, రోటరీ పంపుకు కాదు.

డెలివరీ వాల్వు, స్ప్రింగు తిరిగి అమర్చి, లైన్లలో గాలి తీసి, ఇంజను స్టార్టు చెయ్యి. నడుస్తున్నప్పుడు పైపు కారుతోందేమోనని చేత్తో తడమవద్దు. అంత ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. కాసేపు దుక్కిలో నడిపి పొగ రంగు చూసి, ఇంజను ఆపి చల్లారాక పంపు బోల్టుల బిగువు మళ్ళీ ఒకసారి చూడు. అప్పటికీ తెల్లపొగ తగ్గకపోతే పంపును ఇంకా జరపకుండా కంప్రెషన్ పరీక్ష చేయించు.

ఇట్లు,
మామయ్య