ఇంటికింద దొరికిన షెల్టర్‌లోకి దిగేముందు

చి. సౌ. సుధకి, చి. కిరణ్‌కి పెదనాన్న ఆశీస్సులు.

ఫోటోలు చూశాను. వంటింటి వెనక గది గచ్చు పగలగొడుతుంటే ఇనపమూత బయటపడటం, దానికింద మెట్లు, మెట్లకింద నల్లటి నీళ్లు. మీ ఇద్దరికీ రాత్రి నిద్రపట్టలేదంటే పట్టదు మరి. కిరణ్ అప్పుడే అక్కడ హోమ్ థియేటర్ పెట్టే లెక్కలు వేస్తున్నాడని రాశావు. ఆ సంగతి తర్వాత. ముందు మూత తీసే ఉంచి, చుట్టూ గట్టిగా అడ్డం కట్టి, ఆ గది కిటికీలు తోటవైపు తెరిచిపెట్టి, ఇంట్లోకి వచ్చే తలుపుకి తాళం వెయ్యండి. తాళంచెవి పిల్లాడికి అందకూడదు. ఈ ఇంగ్లండ్‌లో పాత ఇళ్ల పునాదులు చూడటమే ఉద్యోగంగా బతికినవాణ్ణి, కాస్త విసిగిస్తాను, ఓర్చుకోండి.

మీకు దొరికింది యుద్ధకాలంలో బాంబులు పడుతుంటే దాక్కోవడానికి కట్టిన షెల్టర్. కొవెంట్రీలో ఇలాంటిది దొరకడం పెద్ద వింతేం కాదు. మన వైపునుంచి ఎవరొచ్చినా తీసుకెళ్లి చూపిస్తారే పైకప్పులేని పెద్ద చర్చి, కెథీడ్రల్, అది 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ విమానాల బాంబులకి కాలిపోయింది. ఆ ఒక్క రాత్రే ఊళ్లో 568 మంది పోయారంటారు. యుద్ధం మొదలవకముందే ప్రభుత్వం ఇళ్లకి ఆండర్సన్ షెల్టర్లు పంచడం మొదలుపెట్టింది. ముడతల ఇనపరేకులు బిగించి, నాలుగడుగుల గోతిలో దింపి, పైన 15 అంగుళాల మట్టి కప్పేవాళ్లు. లోపల ఆరుగురు సర్దుకోవాలి. ఏడాదికి 250 పౌండ్లలోపు సంపాదనుంటే ఉచితం, దాటితే 7 పౌండ్లు. ఆ ఆండర్సన్ ఎవరనుకున్నావు? బాంబుదాడుల నుంచి జనరక్షణ ఏర్పాట్లు చూసిన మంత్రి, అంతకుముందు బెంగాల్ గవర్నర్‌గా చేసిన దొరే. 1934లో డార్జిలింగ్ దగ్గర గుర్రప్పందాల మైదానంలో మన విప్లవకారులు ఆయన మీద తుపాకులు పేల్చారు, తప్పించుకున్నాడు. నీకిప్పుడు అక్కర్లేని ముచ్చటే, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

మీది ఆండర్సన్ కాదు. ఇటుక గోడలు, కాంక్రీట్ స్లాబ్ కనబడుతున్నాయి కాబట్టి అప్పటి ఇంటాయన సొంత డబ్బుతో తోటలో కట్టించుకుని ఉంటాడు, తర్వాత వచ్చినవాళ్లెవరో ఇల్లు వెనక్కి పెంచి దానిమీదే గది వేశారు. అంటే ఎప్పటిదో ఆ స్లాబ్ మీద మీ గది బరువు కూడా పడుతూ ఉండొచ్చు. ఇది తేలేదాకా ఆ గదిలో ఫ్రిజ్జులూ బీరువాలూ పెట్టకండి, మేస్త్రీని ఇంకో గునపం దెబ్బ వెయ్యనివ్వకండి. స్ట్రక్చరల్ ఇంజనీర్ని పిలవండి. స్లాబ్ అడుగున పెచ్చులూడి తుప్పుపట్టిన ఊచలు కనబడుతున్నాయేమో ఆయన చూడాలి. గోడల్లో ఇటుకల మధ్య మాలు కూడా. 1940లో సిమెంట్‌కి కరువొచ్చి, ప్రభుత్వ ఉత్తర్వు సరిగ్గా అర్థంకాక, కొన్నిచోట్ల సిమెంట్ లేకుండా ఉత్త సున్నం, ఇసకతో షెల్టర్లు కట్టేశారు. తర్వాత అవి పనికిరావని తేలింది. అలాంటి గోడలో మేకుతో గీస్తే మాలు పిండిలా రాలుతుంది.

ఇక అసలు భయం. మీరిద్దరూ బాంబు ఉంటుందేమోనని హడలిపోతున్నారు. నన్నడిగితే బాంబుకన్నా గాలి పదిరెట్లు ప్రమాదం. ఎన్నో ఏళ్లు మూసి ఉన్న గోతిలో ఇనుము తుప్పు పడుతున్నంతకాలం ఆక్సిజన్ తినేస్తుంది, చెక్కలు కుళ్లుతూ ఇంకాస్త తింటాయి, కదలని నీళ్లలోంచి విషవాయువు పుడుతుంది. మన ఊళ్లలో పాడుబడ్డ బావి పూడిక తీయడానికి దిగినవాడు పడిపోతే, వాణ్ణి లాగబోయి ఇంకొకడు, వాడికోసం మూడోవాడు పోయారన్న వార్తలు ఎన్ని వినలేదు? ఇక్కడా అదే. కొవ్వొత్తి దింపి చూసే పాత పద్ధతి నమ్మకండి. ఆరకుండా వెలిగినా విషవాయువు ఉండొచ్చు, మండే వాయువుంటే అదే అంటుకుంటుంది. ఆక్సిజన్, మండే వాయువు, రెండు రకాల విషవాయువులు, ఇలా నాలుగూ కొలిచే మీటరున్న మనిషిని డబ్బిచ్చి పిలవాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. అడుగున కూడా దాదాపు అంతే చూపించి, మిగతా వాయువులు లేవని తేలితేనే దిగడం. దిగినా నడుముకి తాడు, పైన ఇంకో మనిషి. కిందివాడు పలకకపోతే పైవాడు దిగకూడదు, అత్యవసర నంబరు 999కి ఫోన్ చెయ్యాలి. కిరణ్, ఇది నీకే చెబుతున్నాను.

నీళ్లు తోడేటప్పుడు కక్కుర్తి పడకండి. బయట మట్టి నాని గోడల్ని లోపలికి తోస్తుంటే, లోపలి నీళ్లే ఎదురొత్తి నిలబెట్టి ఉండొచ్చు. ఒక్కపూటలో ఖాళీ చేస్తే గోడ కడుపు ఉబ్బి కూలుతుంది. రోజుకి కొంచెం తోడి, తెల్లారేసరికి ఎంత ఊరిందో గీత పెట్టుకోండి. ఆ ఊటే చెబుతుంది మీకు ముందుముందు ఎంత తిప్పలో. పెట్రోల్ పంపు గోతిలోకి దింపొద్దు, దాని పొగ చాలు ప్రాణం తియ్యడానికి. ఎలుకలు తిరిగిన నీళ్లు కాబట్టి చేతికి చిన్న గీత ఉన్నా గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

లోపల సామాన్లు కనబడితే ఫోటో తియ్యండి, చెయ్యి పెట్టకండి. గ్యాస్ మాస్క్ దొరికితే పిల్లాడికి తొడిగి సెల్ఫీ తియ్యాలనిపిస్తుంది. ఆనాటి మాస్కుల వడపోత డబ్బాల్లో చాలావాటిలో పీలిస్తే ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ ఉంది, ముఖానికి తగలనివ్వొద్దు. చెక్కపెట్టెలో చిన్న గాజు సీసాలు, లోపల పసుపుపచ్చ ద్రవం, పైన సోడా బిరడా లాంటి మూత కనబడితే మాత్రం అక్కడికక్కడే వెనక్కి వచ్చెయ్యండి. జర్మన్లు దిగితే టాంకుల మీద విసరడానికి హోమ్ గార్డ్ అనే స్థానిక వాలంటీర్ల దళం కోసం 1940లో చేసిన ఫాస్ఫరస్ సీసాలవి. పగిలి గాలి తగిలితే చాలు, అగ్గిపుల్ల అక్కర్లేకుండా భగ్గుమంటాయి. వాళ్లు అక్కడక్కడా పాతిపెట్టి మర్చిపోయినవి ఇప్పటికీ పునాదులు తవ్వుతుంటే బయటపడుతున్నాయి. పోలీసులకి చెబితే వాళ్లే సైన్యాన్ని పిలుస్తారు. కార్లో పెట్టుకుని స్టేషన్‌కి మోసుకెళ్లే తెలివితేటలు వద్దు.

గబ్బిలాలుంటే ఇంకో చిక్కు. ఈ దేశంలో చట్టం వాటి పక్షాన ఉంది, తరిమితే కేసు. కనబడితే పని ఆపి, నిపుణుణ్ణి అడిగాకే ముందుకెళ్లండి.

పక్కింటివాళ్లకి ఈపాటికి చెప్పే ఉంటారు. చెప్పకపోతే ఈరోజే చెప్పండి. రెండిళ్లవాళ్లు కలిసి కట్టించుకుని ఉంటే సగం వాళ్లవైపు ఉండొచ్చు. ఆరోజుల్లో ఒకవైపు కూలితే ఇంకోవైపు నుంచి బయటపడటానికి మధ్యగోడలో పలచని ఇటుకలతో దారి వదిలేవాళ్లు కూడా. వాళ్ల గోడకి మూడు మీటర్లలోపు, వాళ్ల పునాదికన్నా లోతుగా తవ్వాల్సొస్తే పార్టీవాల్ చట్టం, అంటే పక్కింటితో కలిసిన గోడల చట్టం కింద ముందుగా నోటీసివ్వాలి. ఇన్సూరెన్స్ కంపెనీకీ దాచకుండా చెప్పండి. తెలిసీ చెప్పలేదని రేపు క్లెయిము కొట్టేస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

హోమ్ థియేటర్ సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నా: వద్దు. చెమ్మ ఎప్పటికీ పోదు, బయటికి రెండో దారి లేదు, గాలాడదు, తల తగులుతుంది. ఇవన్నీ సరిచేసే ఖర్చుతో పైన ఇంకో గది వేసుకోవచ్చు. ఇంజనీర్ స్లాబ్ బాగుందంటే మంచి మూత, గాలిగొట్టం పెట్టి అలాగే ఉంచుకోండి. బాగులేదంటే మొహమాటపడకుండా పూడ్పించండి. అదీ బిల్డరు చెత్త, రాళ్లు కుమ్మరించి చేతులు దులుపుకోవడం కాదు. లోపల నీళ్లు నిలవకుండా ఏర్పాటు చేసి, తేలికరకం కాంక్రీట్‌తో సందు లేకుండా నింపించాలి.

ఏది చేసినా ముందు కొలతలు తీసి, గోడలమీద పెన్సిల్ రాతలుంటే దగ్గరగా ఫోటోలు తీసి, మీ ప్రాంతపు చారిత్రక రికార్డుల ఆఫీసుకి పంపండి. వీధిలో ముసలివాళ్లెవరైనా ఉంటే వెళ్లి కూర్చుని అడగండి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాక జనం బళ్లు కట్టుకుని పల్లెలకి పోయిన కథ మీ తాతగారు ఎన్నిసార్లు చెప్పినా మేమెవరం కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు మీ చిన్నాన్న చెప్పేది ఒకటి, నేను చెప్పేది ఒకటి.

మీటరు మనిషి వచ్చే రోజేదో ఫోన్ చెయ్యండి, నేనూ వస్తాను. మెట్లు దిగడానికి మోకాళ్లు ఒప్పుకోవు గానీ, పైన కుర్చీ వేసుకుని కిరణ్‌ని ఆపడానికి పనికొస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న