400 బెల్ట్ వేసినా కత్తి మీద గీతలు పోవట్లేదంటే తప్పు 400ది కాదు

లారీ కమాన్ పట్టీతో వంటకత్తి చేశానని, గ్రైండర్ మీద 60, 120, 220, 400 బెల్ట్‌లు (గరుకు కాగితం లాంటి పట్టీలు, అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నం) వరసగా వేసినా లైటు కింద ఇంకా లోతైన గీతలు కనిపిస్తున్నాయని రాశారు. ఇంతకన్నా మంచి 400 బెల్ట్ ఏదైనా ఉందా అని అడిగారు.

ఉంటుందండీ, కానీ ఇప్పుడే కొనకండి. మీకు కనిపిస్తున్నవి 60 బెల్ట్ గీతలు. P60 బెల్ట్ మీద రేణువు దాదాపు 0.27 మిల్లీమీటర్లు ఉంటుంది, P400 మీద 0.035. పెద్ద రేణువు తవ్విన గాడిని చిన్న రేణువు పూడ్చలేదు కదా. గాడి అడుగు దాకా చుట్టూ ఉన్న ఇనుమంతా అరగాలి. ఆ పని 120తో నాలుగు నిమిషాల్లో అవుతుంది. 400తో అయితే బెల్ట్ అరుగుతుంది గానీ గీత అలాగే ఉంటుంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పాత కమాన్ పట్టీలు ఏరుకొచ్చి మొదలుపెట్టాను. మొదటి మూడు కత్తులకీ మీ బాధే నాదీ. ఇప్పుడు చేసేది ఇదీ: 60తో గీతలు వెన్ను నుంచి అంచుకి నిలువుగా పడితే, 120కి మారగానే కత్తిని కొంచెం వంచి పట్టుకుంటాను. కొత్త గీతలు ఏటవాలుగా పడతాయి. నిలువు గీత ఒక్కటి మిగిలినా 220 బెల్ట్ ముట్టుకోను. తలకాయ మీద ఉన్న ట్యూబ్‌లైట్ కింద అన్నీ నున్నగానే కనిపిస్తాయి, నమ్మకండి. చదువుకునే టేబుల్ ల్యాంప్ ఒకటి పక్కన పెట్టి, వెలుతురు అడ్డంగా పడేలా కత్తిని తిప్పి చూడండి. దొంగ గీతలు ఎక్కువగా దాక్కునేది పిడి దగ్గర, గ్రైండింగ్ మొదలయ్యే మలుపులో.

ఇంకో చిన్న మెలిక. మీ బెల్ట్ వెనక అంకె ముందు P (యూరప్ కొలత గుర్తు) ఉందో లేదో చూడండి. P లేని అమెరికన్ కొలతలో 400 అంటే సుమారు P800తో సమానం. P220 నుంచి దాని మీదకి దూకితే మధ్యలో ఒక మెట్టు ఎగ్గొట్టినట్టే. 3M కంపెనీ ట్రైజాక్ట్ బెల్ట్‌లది మరీ తలకిందుల లెక్క, అంకె తగ్గేకొద్దీ సన్నం: A100 కన్నా A45 నున్నన. A45 అంటే దాదాపు P400.

ఇక కొనడం గురించి. డబ్బు పెట్టాల్సింది ముతక బెల్ట్ మీద. 36, 60 అంకెల్లో సిరామిక్ రేణువులున్నది తీసుకోండి. ఖరీదు ఎక్కువే, కానీ గట్టిగా నొక్కితే దాని రేణువులు విరిగి కొత్త అంచులు బయటికి వస్తాయి. భయపడి మెల్లగా ఆనిస్తే నున్నబడిపోయి కోయడం మానేస్తుంది. 120, 220కి మామూలు అల్యూమినియం ఆక్సైడ్ చాలు. మలుపుల కోసం మాత్రం J గుర్తున్న పల్చటి గుడ్డ బెల్ట్ అడగండి, అది వంగుతుంది. బెల్ట్‌ని మడిచి అటక మీద పడేయకండి, మేకుకి వేలాడదీయండి. మడత పడ్డ చోట తిరిగినప్పుడల్లా టక్ టక్‌మంటూ కత్తి మీద గుర్తు వేస్తుంది.

అరిగిన బెల్ట్‌ని పిసినారితనంతో వాడకండి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఎర్రగా కాల్చి, ముంచి గట్టిపరిచిన కత్తిని పాత 220 బెల్ట్ మీద పెట్టాను. నిప్పురవ్వలు తగ్గిపోయాయి, అది కోయడం మానేసి రుద్దుతోంది. మొన దగ్గర క్షణంలో నీలం రంగు తేలింది. నీలం అంటే దాదాపు 300 డిగ్రీలు. నేను ఓవెన్‌లో టెంపర్ చేసింది (పెళుసుదనం తగ్గడానికి మళ్ళీ వేడి చేయడం) 200 దగ్గర, అంతకు మించి వేడెక్కితే ఉక్కు మెత్తబడుతుంది! రంగు 400తో తుడిచేసి, సరిపోయిందిలే అనుకున్నాను. కత్తి అమ్మకిచ్చాను. ఆవిడకి కత్తిపీటే అలవాటు, కొత్త కత్తిని కొబ్బరి తీయడానికే వాడేది. రెండో కాయకే మొన వంగింది. రంగు పోయింది గానీ మెత్తబడిన ఉక్కు మెత్తగానే ఉండిపోయింది.

అందుకే గట్టిపరిచాక గ్లోవ్స్ లేకుండా వట్టి చేతులతో పట్టుకుంటాను. వేడి వెంటనే తెలుస్తుంది, పైగా గ్లోవ్‌ని బెల్ట్ లాక్కునే ప్రమాదం ఉండదు. బెల్ట్ మీద ఒక్కసారి లాగడం, బకెట్ నీళ్ళలో ముంచడం, మళ్ళీ లాగడం. మంచి మాస్క్ తప్పనిసరి. పిడి కర్ర పొట్టు ఉన్న డబ్బాలో నిప్పురవ్వలు పడకుండా చూసుకోండి, అది నెమ్మదిగా రాజుకుంటుంది.

అద్దంలా మెరవాలని మాత్రం టెన్షన్ పడకండి. కమాన్ పట్టీ స్టెయిన్‌లెస్ కాదు. చింతపండు, నిమ్మరసం తగిలితే ఎలాగూ నల్లబడుతుంది. వంటకత్తికి నేను 220 దగ్గర బెల్ట్ ఆపేసి, గట్టి చెక్కకి తోలు అంటించి, దానికి 400 వాటర్ పేపర్ చుట్టి పొడవుగా రుద్దుతాను.

మీ కత్తికి ముందు అంచు మందం కొలవండి. అర మిల్లీమీటరు కన్నా ఎక్కువుంటే కొత్త P120 బెల్ట్‌తో మళ్ళీ మొదలుపెట్టండి, 60 జోలికి వెళ్ళొద్దు. తక్కువుంటే బెల్ట్ మీద పెడితే అంచు కాలిపోతుంది. 120 కాగితంతో చేత్తోనే రుద్దాలి. నాకు అలాంటి కత్తికి ఒక ఆదివారం మొత్తం పట్టింది.