పాత మెసేజీ చూపించిన చెల్లెలు

ప్రశ్న: నా వయసు 41. పదహారేళ్లుగా ఒకే పార్టీ. పదవి లేదు కానీ ఎన్నికలొస్తే ఇల్లిల్లూ తిరుగుతాను. ఆరేళ్ల క్రితం ఎదుటి పార్టీ ఒక పన్ను తెస్తే ‘పేదల నడ్డి విరిచేది’ అని మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో రాశాను. ఈమధ్య అలాంటిదే మా పార్టీ తెస్తే ‘ధైర్యమైన నిర్ణయం’ అన్నాను. మా చెల్లెలు రెండు మెసేజీలనూ పక్కపక్కన పెట్టి బంధువులందరి ముందూ చూపించింది. తనకు ఏ పార్టీ లేదు. రెండు నెలలుగా తనతో మాట్లాడటం లేదు. నిజం చెప్పాలంటే భయమేస్తోంది. ఇన్నేళ్లూ నావి అనుకున్న అభిప్రాయాలు నావేనా? ఈ మాట పార్టీ గ్రూపులో అంటే ద్రోహి అంటారు. పార్టీ వదిలేయాలా?

జవాబు: చెల్లెలు చూపించిన విషయం వేరు, చూపించిన తీరు వేరు. అందరి ముందూ పెట్టడం తప్పే, మీకు విడిగా పంపాల్సింది. కానీ తీరు మీద కోపంతో మీరు విషయాన్ని కప్పేస్తున్నారు. భయమేస్తోందని మీరే రాశారంటే అది దాగడం లేదన్నమాట.

ఇది మీ ఒక్కరికే ఉన్న జబ్బు కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెఫ్రీ కోహెన్ 2003లో కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. విద్యార్థులకు రెండు రకాల సంక్షేమ పథకాలు చూపించారు. ఒకటి ధారాళమైనది, ఇంకొకటి బిగపట్టింది. పార్టీ పేరు చెప్పనప్పుడు ఎవరి సిద్ధాంతానికి తగ్గది వాళ్లకు నచ్చింది: ఉదారవాదులకు ధారాళమైనది, సంప్రదాయవాదులకు బిగపట్టింది. ‘దీన్ని మీ పార్టీ సమర్థిస్తోంది’ అనగానే ఉదారవాదులు బిగపట్టిన పథకానికి, సంప్రదాయవాదులు ధారాళమైన పథకానికి సై అన్నారు. అంతకంటే విచిత్రం, పార్టీ మాట ప్రభావం తమ మీద లేదని వాళ్లు నమ్మారు. ఎదుటి పక్షం వాళ్ల మీద మాత్రం ఉంటుందట!

‘ధైర్యమైన నిర్ణయం’ అని మీరు అబద్ధం రాయలేదు. నమ్మే రాశారు. అందుకే మీ అంతట మీకు అది కనబడలేదు.

పార్టీ మాట నమ్మడమే తప్పని నేననను. ప్రతి చట్టాన్నీ చదివి కూర్చునే తీరిక ఎవరికుంది? నమ్మకమున్న డాక్టరు మాట వింటాం. కానీ నిన్న విషమన్న మందునే ఆ డాక్టరు ఇవాళ రాసిస్తే, ఎందుకని అడుగుతాం కదా. మీరు ఆ అడగడం మానేశారు, అంతే.

గ్రూపులో అందరూ ఒకే మాట అంటున్నారంటే అందరి మనసులోనూ అదే ఉందనుకోవద్దు. 1961లో క్యూబా మీద ‘బే ఆఫ్ పిగ్స్’ దాడికి ముందు, అమెరికా అధ్యక్షుడు కెనెడీ సలహాదారు ఆర్థర్ ష్లెసింజర్‌కు అది తప్పనిపించింది. అధ్యక్షుడికి విడిగా రాసిచ్చాడు కూడా. సమావేశాల్లో మాత్రం గట్టిగా నోరు విప్పలేదు. దాడి కొద్ది రోజుల్లోనే విఫలమైంది. ఆ మౌనానికి తర్వాత తనను తానే నిందించుకున్నాడు.

1950ల్లో మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ చేసిన గీతల ప్రయోగం మీ కథకు ఇంకా దగ్గర. గదిలో ఒక్కరు తప్ప మిగతా అందరూ ముందే కూడబలుక్కుని, కంటికి తెలిసిపోతున్న గీతల పొడవును తప్పుగా చెప్పేవారు. ఆ ఒక్కరు కూడా మూడో వంతుకు పైగా సందర్భాల్లో వాళ్లతో గొంతు కలిపారు. కానీ ఇంకొక్క మనిషి నిజం చెప్తే చాలు, ఆ ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోయింది. మీకు ఆ ఇంకొక్క మనిషి ఉంది. రెండు నెలలుగా మీరు మాట్లాడనిది ఆమెతోనే.

పార్టీ సంగతికొస్తే, ఇప్పుడు వదలొద్దు. అవమానంలో ఇచ్చే రాజీనామా కూడా సొంత ఆలోచన కాదు. ఇకపై ఏదైనా కొత్త నిర్ణయం వస్తే, మీ నాయకులు ఏమన్నారో వినకముందే కాగితం మీద రాసుకోండి. ఎవరికి మేలు, ఎవరికి దెబ్బ, ఇదే పని ఎదుటివాళ్లు చేసుంటే నేనేమనేవాణ్ని. ఆ ఆఖరిది రాయడానికి చెయ్యి రాకపోతే, ఆలోచించాల్సింది అక్కడే ఉంది. తర్వాత పార్టీ మాట వినండి. రెండూ కలిస్తే సంతోషం. స్వతంత్రం అనిపించుకోవడానికి వారానికోసారి పార్టీని తిట్టనక్కర్లేదు. తిట్టడానికి కూడా ముందు పార్టీ ఏమందో చూస్తున్నామంటే మళ్లీ తాడు వాళ్ల చేతిలోనే ఉన్నట్టు.

గ్రూపులో ప్రకటనలు చేయకండి. మీరు గౌరవించే ఒక పెద్ద మనిషికి విడిగా ఫోన్ చేయండి. ‘అన్నా, అప్పుడు వద్దన్నాం, ఇప్పుడు కావాలంటున్నాం. గుమ్మంలో జనం అడిగితే ఏం చెప్పమంటావు?’ అనండి. ఇల్లిల్లూ తిరిగే కార్యకర్త అడగాల్సిన ప్రశ్నే అది. దానికే ద్రోహి అంటే, అప్పుడు పార్టీ సంగతి నాకు మళ్లీ రాయండి.

అంతకంటే ముందు చెల్లెలికి ఫోన్ చేయండి. ‘నువ్వు చూపించింది నిజమేనమ్మా. అందరి ముందూ చూపించినందుకు బాధేసింది’ అని రెండూ చెప్పండి, ఒకదాన్ని మింగేయకండి. ‘ఇప్పటికి తెలిసిందా?’ అని ఎత్తిపొడుస్తుంది, కాసేపు పడండి. పన్ను మీద వాదన మొదలైతే పిల్లలెలా ఉన్నారని అడిగి పెట్టేయండి. మర్నాడు మళ్లీ చేయొచ్చు.