ఎడమ, కుడి అండాశయ సిరలు ఒకేచోట ఎందుకు కలవవు?

దీనికి కారణం పిండదశలోనే ఉంది. శరీరపు కింది సగం నుంచి గుండెకు రక్తాన్ని చేర్చే అధో మహాసిర వెన్నెముకకు కుడిపక్కన స్థిరపడుతుంది. అందువల్ల కుడి అండాశయ సిర ఏటవాలుగా నేరుగా అందులోనే కలుస్తుంది. ఎడమ సిర మాత్రం పైకి సాగి, ఎడమ మూత్రపిండ సిరలో దాదాపు లంబకోణంలో చేరుతుంది.

ఈ చిన్న తేడాను తేలికగా తీసుకోకూడదు. ఎడమ మూత్రపిండ సిర, గుండె నుంచి శరీరానికి రక్తాన్ని తీసుకెళ్లే ప్రధాన ధమని అయిన బృహద్ధమనికీ దాని ముందువైపు నుంచి పేగులకు దిగే పెద్ద ధమనికీ మధ్యనున్న ఇరుకు సందులోంచి వెళ్లాలి. అక్కడ అది నొక్కుకుపోతే ఒత్తిడి ఎడమ అండాశయ సిరలోకి మళ్లుతుంది. గర్భధారణలో ఈ సిరలు బాగా వెడల్పవుతాయి. ఆ తరువాత కవాటాలు సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారి, అండాశయం చుట్టూ తీగల్లా అల్లుకున్న సిరల వల ఉబ్బుతుంది. ఎక్కువసేపు నిలబడితే పెరిగి, పడుకుంటే తగ్గే పొత్తికడుపు బరువు, నొప్పి దీని లక్షణాలు కావచ్చు. ఇలాంటి నొప్పిని ‘మామూలే’ అని కొట్టిపారేయడం అన్యాయం; రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌తో ఈ సిరలను పరీక్షించవచ్చు.

గర్భాశయం, యోని సిరలు ప్రధానంగా కటి భాగపు రక్తాన్ని సేకరించే అంతర శ్రోణి సిరలో కలుస్తాయి. అయితే ఈ వలలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి, ఒకచోటి ఒత్తిడి మరోచోటికి పాకగలదు.